కేనేటివ్

కేనేటివ్ అనేది కుబర్నెటీస్ అనే కంటైనరు వేదికపై సర్వరురహిత ఫంక్షనులను, సేవలను నడపడానికి ఉపయోగపడే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు. దీనిని గూగుల్ సంస్థ 2018 జూలైలో ప్రకటించింది. పివోటల్, ఐబీఎం, రెడ్ హ్యాట్, ఎస్ఏపీ సంస్థలు దీని నిర్మాణంలో మొదటినుండి పాలుపంచుకొన్నాయి. గో భాషలో వ్రాయబడిన ఈ సాఫ్టువేరు అపాచీ 2.0 లైసెన్సు క్రింద లభిస్తుంది. 2022 మార్చిలో ఇది క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ (సీఎన్‌సీఎఫ్) అధీనంలోనికి వచ్చింది.

ప్రోగ్రామరు ఒక చిన్న ఫంక్షనును వ్రాసి అప్పగిస్తే, దానిని కంటైనరుగా నడపడం, దానికి ఒక వెబ్ చిరునామా కల్పించడం, రద్దీని బట్టి దాని ప్రతులను పెంచడం, తగ్గించడం, ఎవరూ పిలవనప్పుడు పూర్తిగా ఆపివేయడం కేనేటివ్ చేసే ముఖ్యమైన పనులు.

సర్వరురహితం అనే మాటకు అర్థం

సర్వరురహిత కంప్యూటింగు అన్న పేరు కొంత అపార్థానికి తావిచ్చేది. ఇందులో సర్వరులు లేకపోవడమంటూ జరగదు. ప్రతి ఫంక్షనూ ఏదో ఒక భవనంలోని ఏదో ఒక యంత్రంపైనే నడుస్తుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాదులో ప్రారంభించిన డేటా కేంద్రాల సముదాయం అటువంటి యంత్రాలకు ఒక ఉదాహరణ. ప్రోగ్రామరు ఆ యంత్రాల సంఖ్యను, వాటి నిర్వహణను గురించి ఆలోచించవలసిన అవసరం లేకపోవడమే ఈ పేరులోని అర్థం. ఆ ఆలోచన చేయవలసినవారు మాత్రం వేరొకరు ఉంటారు. వారెవరు అన్నదే వివిధ సర్వరురహిత పద్ధతుల మధ్యనున్న ప్రధానమైన తేడా.

ఈ భావనను ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. హాల్‌టికెట్ సంఖ్యను తీసుకొని మార్కులను తిరిగి ఇచ్చే ఒక ఫంక్షను ఉన్నదనుకొందాము. సంవత్సరంలో చాలా రోజులు దానిని పిలిచేవారు ఉండరు. పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున మాత్రం లక్షలాది విద్యార్థులు ఒకేసారి పిలుస్తారు. ఆ ఒక్క రోజు రద్దీకి సరిపడే సర్వరులను సంవత్సరమంతా నడిపితే ఖర్చు వృథా అవుతుంది. మామూలు రోజులకు సరిపడే సర్వరును మాత్రమే ఉంచితే, అవసరమైన రోజునే అది కూలిపోతుంది. రద్దీతో పాటు పెరిగి, రద్దీతో పాటు తగ్గే ఏర్పాటు ఈ రెండు ఇబ్బందులకూ పరిష్కారము.

పూర్వరంగం

ఫంక్షనులను సేవగా అందించే పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చినది అమెజాన్ వారి లాంబ్డా. ఇది 2014 నవంబరులో వెలువడినది. ఆరంభంలో నోడ్.జెఎస్ లో వ్రాసిన ఫంక్షనులను మాత్రమే నడిపేది. ఫంక్షను నడిచిన కాలానికి మాత్రమే రుసుము చెల్లించే పద్ధతి దీని ఆకర్షణ. అయితే లాంబ్డా కోసం వ్రాసిన ఫంక్షను, దానిని పిలిచే ఘటనల రూపము, అనుమతుల ఏర్పాటు అన్నీ ఆ ఒక్క సంస్థ వేదికకు అనుగుణంగా ఉంటాయి. తరువాత మరొక సంస్థ వేదికకు మారాలంటే చాలా భాగం తిరగవ్రాయవలసి వస్తుంది. దీనిని విక్రేత బంధం అని చెప్పవచ్చును.

అదే కాలంలో కంటైనరుల వాడుక కూడా పెరిగింది. ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన సమస్త సామగ్రితో కలిపి ఒకే ఇమేజిగా కట్టి, ఏ యంత్రంపైనైనా ఒకే విధంగా నడిపే పద్ధతిని 2013 మార్చిలో విడుదలైన డాకర్ సులభతరం చేసింది. వందలాది కంటైనరులను అనేక యంత్రాలపై సర్దడానికి గూగుల్ 2014 జూన్ లో కుబర్నెటీస్ ను ప్రకటించింది. ఇది ఆ సంస్థ లోపల వాడుతున్న బోర్గ్ అనే వ్యవస్థ అనుభవంతో రూపొందినది. గ్రీకు భాషలో ఈ మాటకు ఓడ చుక్కాని పట్టే కర్ణధారుడు అని అర్థం. 2015 జూలైలో దీని 1.0 కూర్పు వెలువడింది.

కుబర్నెటీస్ ఒకే రూపంలో అన్ని క్లౌడు సంస్థల వద్దా, సొంత యంత్రాలపైనా నడుస్తుంది. కనుక సర్వరురహిత పద్ధతిని దాని మీద కట్టగలిగితే విక్రేత బంధం సడలుతుందన్న ఆలోచన కలిగింది. కేనేటివ్ ఈ ఆలోచన ఫలితమే.

చరిత్ర

కేనేటివ్ మొదట బిల్డ్, సర్వింగ్, ఈవెంటింగ్ అనే మూడు భాగాలుగా వెలువడింది. ఇమేజిలను తయారుచేసే బిల్డ్ భాగం తరువాత విడిపోయి టెక్టాన్ అనే వేరొక ప్రాజెక్టుగా రూపొందింది. 2019 మార్చిలో టెక్టాన్ కంటిన్యువస్ డెలివరీ ఫౌండేషన్ లో చేరింది.

2019 అక్టోబరులో గూగుల్, కేనేటివ్ ను సమీప భవిష్యత్తులో ఏ ఫౌండేషనుకూ అప్పగించబోవడం లేదని తెలిపింది. సాఫ్టువేరు లైసెన్సు స్వేచ్ఛగానే ఉన్నా, ప్రాజెక్టు పేరుపైన, నిర్ణయాలపైన ఒకే సంస్థకు పట్టు ఉండడం గురించి ఈ సందర్భంలో విమర్శలు వచ్చాయి. విక్రేత బంధాన్ని తప్పించుకోవడానికి పుట్టిన సాఫ్టువేరు తానే ఒక సంస్థ చేతిలో ఉండడం సబబేనా అన్నది ఈ చర్చలోని ముఖ్యాంశం. 2021 నవంబరులో 1.0 కూర్పు విడుదలైన తరువాత గూగుల్ తన నిర్ణయాన్ని మార్చుకొని సీఎన్‌సీఎఫ్ కు ప్రాజెక్టును సమర్పించింది. 2022 మార్చిలో అది ఇంక్యుబేషను స్థాయిలో స్వీకరింపబడింది. 2025లో ఆ ఫౌండేషనులో అత్యున్నతమైన గ్రాడ్యుయేటెడ్ స్థాయిని పొందింది.

భాగాలు

ప్రస్తుతం కేనేటివ్ లో మూడు భాగాలు ఉన్నాయి.

సర్వింగ్: వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే కంటైనరులను నడిపి, రద్దీని బట్టి వాటి సంఖ్యను మార్చే భాగం.

ఈవెంటింగ్: ఒకచోట జరిగిన ఘటనను దానిపై ఆసక్తి ఉన్న ఫంక్షనుకు చేరవేసే భాగం.

ఫంక్షన్స్: కంటైనరుల గురించి తెలియని ప్రోగ్రామరు కూడా ఫంక్షనును వ్రాసి అమలులో పెట్టడానికి వీలు కల్పించే భాగం. దీనికి ఫంక్ అనే ఆదేశ పరికరం ఉంది.

ఈ మూడింటినీ కలిపి వాడవలసిన నియమమేమీ లేదు. సర్వింగ్ ను మాత్రమే, లేదా ఈవెంటింగ్ ను మాత్రమే స్థాపించుకొనవచ్చును.

సర్వింగ్ నిర్మాణం

సర్వింగ్ లో నాలుగు రకాల వస్తువులు ఉంటాయి. వాడుకరి స్వయంగా వ్రాసేది సర్వీసు ఒక్కటే. దాని నుండి కాన్ఫిగరేషను, రూటు అనే రెండు వస్తువులను కేనేటివ్ తనంతట తానే సృష్టిస్తుంది. ఏ ఇమేజి, ఏ అమరికలతో నడవాలో కాన్ఫిగరేషను చెబుతుంది. వచ్చిన అభ్యర్థనలు ఎక్కడికి వెళ్ళాలో రూటు చెబుతుంది. కాన్ఫిగరేషను మారిన ప్రతిసారీ రివిజను అనే నాలుగవ వస్తువు పుడుతుంది.

రివిజను ఒకసారి ఏర్పడిన తరువాత మార్చడానికి వీలులేనిది. ఇమేజి పేరుకు తగిలించిన ట్యాగును కూడా కేనేటివ్ రివిజను ఏర్పడే సమయంలోనే ఆ ఇమేజి యొక్క ఖచ్చితమైన సంకేత సంఖ్యగా మార్చి భద్రపరుస్తుంది. అందువలన అదే ట్యాగుతో కొత్త ఇమేజిని రిజిస్ట్రీలోనికి ఎక్కించినా, నడుస్తున్న సేవ మారదు. కొత్త రివిజను ఏర్పడితేనే మారుతుంది. కొత్తగా నేర్చుకొనేవారు తరచుగా తికమకపడే విషయం ఇది.

పాత రివిజనులు నిలిచి ఉండడం వలన ఒక ముఖ్యమైన సౌకర్యం కలుగుతుంది. వచ్చే అభ్యర్థనలలో 90 శాతాన్ని పాత రివిజనుకు, 10 శాతాన్ని కొత్తదానికి పంపి పరీక్షించవచ్చును. కొత్తదానిలో దోషం కనబడితే మొత్తం రద్దీని తిరిగి పాతదానికి మళ్ళించవచ్చును. ఇందుకు ఇమేజిని మళ్ళీ తయారుచేయనవసరం లేదు.

ప్రతుల సంఖ్య పెరుగుట, తగ్గుట

కుబర్నెటీస్ లో కంటైనరులు పాడ్ అనే చిన్న ప్రమాణాలుగా నడుస్తాయి. కేనేటివ్ ప్రతి పాడ్ లోనూ ఫంక్షనుతో పాటు క్యూ ప్రాక్సీ అనే ఒక సహాయక కంటైనరును ఉంచుతుంది. ఆ క్షణంలో ఎన్ని అభ్యర్థనలు నడుస్తున్నాయో ఇది లెక్కించి ఆటోస్కేలరుకు తెలియజేస్తుంది. ఆటోస్కేలరు ఆ లెక్కను బట్టి పాడ్ ల సంఖ్యను నిర్ణయిస్తుంది.

అప్రమేయంగా ఒక్కొక్క పాడ్ ఏకకాలంలో 100 అభ్యర్థనలను మోయగలదని కేనేటివ్ భావిస్తుంది. అందులో 70 శాతం నిండేటట్లు చూస్తుంది. అనగా పాడ్ ఒక్కింటికి 70 అభ్యర్థనలు లక్ష్యం. పైన చెప్పిన ఫలితాల ఫంక్షనుకు సెకనుకు 7,000 అభ్యర్థనలు వస్తున్నాయని, ఒక్కొక్కదానికి జవాబివ్వడానికి 0.2 సెకను పడుతుందని అనుకొందాము. అప్పుడు ఏ క్షణంలోనైనా నడుస్తుండే అభ్యర్థనలు 7,000 × 0.2 = 1,400. దీనిని 70తో భాగిస్తే 20 పాడ్ లు కావాలి. అదే ఫంక్షనుకు సెకనుకు 10 అభ్యర్థనలు మాత్రమే వస్తే ఒక పాడ్ చాలును.

ఆటోస్కేలరు మామూలుగా గడచిన 60 సెకనుల సగటును చూస్తుంది. దీనివలన చిన్న చిన్న హెచ్చుతగ్గులకు పాడ్ ల సంఖ్య ఊగిసలాడదు. కాని రద్దీ ఒక్కసారిగా పెరిగితే 60 సెకనులు ఆగడం ప్రమాదం. అందుకని గడచిన 6 సెకనుల సగటును కూడా వేరుగా చూస్తుంది. ఆ సగటు ప్రకారం కావలసిన పాడ్ లు ఉన్నవాటికి రెండింతలు లేదా అంతకు మించితే అత్యవసర స్థితిలో ప్రవేశిస్తుంది. ఆ స్థితిలో పాడ్ లను పెంచడమే కాని తగ్గించడం ఉండదు.

అభ్యర్థనలు పూర్తిగా ఆగిపోతే చివరి పాడ్ ను కూడా తొలగిస్తుంది. దీనిని సున్నాకు తగ్గుట అంటారు. ఆ తరువాత వచ్చే అభ్యర్థనను యాక్టివేటరు అనే భాగం అందుకొని, పాడ్ సిద్ధమయ్యేవరకు తనవద్ద నిలిపి ఉంచి, ఆపైన దానికి అందజేస్తుంది. అడిగినవారికి లోపం కనబడదు, కొంత ఆలస్యం మాత్రం కనబడుతుంది.

ఫంక్షనును అమలులో పెట్టే విధానం

ఒక ఫంక్షనును కేనేటివ్ పై అమలులో పెట్టడానికి ఈ క్రింది దశలు ఉంటాయి.

1. క్లస్టరును సిద్ధం చేయుట. ముందుగా ఒక కుబర్నెటీస్ క్లస్టరు కావాలి. నేర్చుకొనేవారు తమ కంప్యూటరులోనే మినీక్యూబ్ లేదా కైండ్ అనే సాధనాలతో చిన్న క్లస్టరును ఏర్పరచుకొనవచ్చును. దానిపై సర్వింగ్ ను, అభ్యర్థనలను లోపలికి తెచ్చే నెట్‌వర్కు పొరను స్థాపించాలి. ఈ పొరగా కౌరియర్, ఇస్టియో, కాంటూర్ లలో ఏదైనా వాడవచ్చును.

2. ఫంక్షను సృష్టి. ఫంక్ పరికరంలోని క్రియేట్ ఆదేశానికి భాష పేరును ఇస్తే ఒక నమూనా ఫోల్డరు ఏర్పడుతుంది. గో, పైథాన్, నోడ్.జెఎస్, టైప్‌స్క్రిప్ట్, రస్ట్, జావా (క్వార్కస్, స్ప్రింగ్ బూట్) నమూనాలు లభిస్తాయి. ఫోల్డరులో ఫంక్షను కోడుతో పాటు అమరికలను తెలిపే ఒక యామల్ దస్త్రం ఉంటుంది.

3. కోడు వ్రాయుట. అభ్యర్థన వచ్చినప్పుడు ఏమి చేయాలో ప్రోగ్రామరు వ్రాయవలసినది ఇక్కడే. ఫంక్షను తన స్థితిని పాడ్ లోపల దాచుకొనరాదు. పాడ్ ఎప్పుడైనా తొలగిపోవచ్చు కనుక, నిలిచి ఉండవలసిన సమాచారాన్ని బయటి డేటాబేసులోనో, నిల్వ సేవలోనో ఉంచాలి.

4. సొంత కంప్యూటరుపై పరీక్ష. రన్ ఆదేశంతో క్లస్టరు అవసరం లేకుండా ఫంక్షనును నడిపి చూడవచ్చును.

5. ఇమేజి తయారీ. బిల్డ్ ఆదేశం బిల్డ్‌ప్యాక్ అనే పద్ధతితో కోడును పరిశీలించి, దానికి కావలసిన లైబ్రరీలను చేర్చి ఇమేజిని కడుతుంది. డాకర్‌ఫైలు వ్రాయనవసరం లేదు.

6. అమలు. డిప్లాయ్ ఆదేశం ఇమేజిని రిజిస్ట్రీలోనికి ఎక్కించి, క్లస్టరులో సర్వీసును సృష్టించి, ఫంక్షను చిరునామాను చూపుతుంది. ఇమేజి ముందుగా తయారుకాకపోతే దానిని కూడా ఇదే ఆదేశం తయారుచేస్తుంది. రిజిస్ట్రీ బహిరంగమైనది కాకపోతే, దానిని తెరిచే రహస్య వివరాలను క్లస్టరుకు ముందే ఇవ్వాలి.

7. పిలుపు. ఇన్వోక్ ఆదేశంతో గాని, బ్రౌజరుతో గాని ఫంక్షనును పిలిచి ఫలితాన్ని సరిచూసుకొనవచ్చును.

ఈ పద్ధతిలో చివరకు మిగిలేది సాధారణమైన కంటైనరు ఇమేజి, సాధారణమైన హెచ్‌టీటీపీ సేవ. కేనేటివ్ లేని చోట కూడా దానిని నడపవచ్చును. విక్రేత బంధం విషయంలో దీనికున్న బలం ఇదే.

ఘటనల చేరవేత

ఫంక్షనును మనిషి మాత్రమే పిలవనక్కరలేదు. ఒక దస్త్రం చేరినప్పుడు, ఒక సందేశం వచ్చినప్పుడు, నిర్ణీత సమయం అయినప్పుడు కూడా అది నడవవచ్చును. ఈవెంటింగ్ లో ఘటనలను పుట్టించేదానిని సోర్సు అని, వాటిని స్వీకరించి పంచేదానిని బ్రోకరు అని, ఏ ఘటన ఏ ఫంక్షనుకు వెళ్ళాలో నిర్ణయించే నియమాన్ని ట్రిగ్గరు అని అంటారు. బ్రోకరు వెనుక కాఫ్కా, రాబిట్‌ఎంక్యూ వంటి సందేశ వ్యవస్థలను ఉంచవచ్చును.

ఘటనల రూపానికి క్లౌడ్ ఈవెంట్స్ అనే ప్రమాణాన్ని పాటిస్తారు. దీని 1.0 కూర్పు 2019 అక్టోబరులో వెలువడింది. దీని ప్రకారం ప్రతి ఘటనకూ గుర్తింపు సంఖ్య, పుట్టిన చోటు, రకము, ప్రమాణపు కూర్పు సంఖ్య తప్పక ఉండాలి. ఫంక్షను విఫలమైతే ఘటనను మళ్ళీ పంపే ఏర్పాటు చేసుకొనవచ్చు కనుక, ఒకే ఘటన రెండుసార్లు చేరే అవకాశం ఉంది. రెండవసారి చేరినా నష్టం కలగని విధంగా ఫంక్షనును వ్రాయడం మంచిది. ఉదాహరణకు రుసుము జమచేసే ఫంక్షను, గుర్తింపు సంఖ్యను చూసి, ముందే జమచేసిన దానిని వదిలివేయాలి.

తొలి ఆలస్యం

సున్నా నుండి మొదటి పాడ్ లేవడానికి పట్టే కాలాన్ని తొలి ఆలస్యం అంటారు. పాడ్ కు యంత్రాన్ని ఎంపిక చేయడం, ఇమేజిని దించుకోవడం, కంటైనరును ప్రారంభించడం, లోపలి ప్రోగ్రాము సిద్ధం కావడం ఇందులోని అంశాలు. ఇమేజి పెద్దదైనకొద్దీ, ప్రోగ్రాము ప్రారంభంలో చేసే పని ఎక్కువైనకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. ఇమేజిని చిన్నదిగా ఉంచడం, అనవసరమైన లైబ్రరీలను తొలగించడం దీనికి మందు. ఆలస్యాన్ని అసలు సహించలేని సేవలకు కనీసపు పాడ్ ల సంఖ్యను ఒకటి లేదా అంతకంటె ఎక్కువగా నిర్ణయించవచ్చును. అప్పుడు సున్నాకు తగ్గడం వలన కలిగే పొదుపు ఉండదు.

పరిమితులు

కేనేటివ్ పాడ్ లను పెంచుతుంది కాని యంత్రాలను పెంచదు. క్లస్టరులోని యంత్రాలు నిండిపోతే కొత్త పాడ్ లు చోటు కోసం వేచి ఉంటాయి. యంత్రాలను పెంచడానికి వేరొక ఏర్పాటు కావాలి. అలాగే ఫంక్షను సున్నాకు తగ్గినా యంత్రం సున్నాకు తగ్గదు. లాంబ్డాలో పిలుపు లేనప్పుడు నడక రుసుము ఉండదు. సొంత క్లస్టరులో మాత్రం ఖాళీగా ఉన్న యంత్రానికి కూడా అద్దె, విద్యుత్తు ఖర్చు తప్పవు. ఖాళీ అయిన చోటును ఇతర ఫంక్షనులు, సేవలు వాడుకొన్నప్పుడే నిజమైన పొదుపు కలుగుతుంది. ఒకటి రెండు ఫంక్షనులు మాత్రమే ఉన్నవారికి ఈ పద్ధతి లాభసాటి కాకపోవచ్చును.

ఫంక్షను పెరిగినంత సులభంగా దాని వెనుకనున్న డేటాబేసు పెరగదు. 20 పాడ్ లలో ఒక్కొక్కటి 50 కనెక్షనులను తెరిస్తే డేటాబేసుపై 1,000 కనెక్షనుల భారం పడుతుంది. అందువలన గరిష్ఠ పాడ్ ల సంఖ్యను కూడా నిర్ణయించడం అవసరం.

కంటైనరులు తామున్న యంత్రపు కెర్నెలును పంచుకొంటాయి. నమ్మకం లేని వ్యక్తులు వ్రాసిన కోడును నడపవలసివస్తే ఈ రక్షణ చాలదు. అమెజాన్ లాంబ్డా ఇందుకు ఫైర్‌క్రాకర్ అనే సూక్ష్మ వర్చువల్ యంత్రాలను వాడుతుంది. కేనేటివ్ లో అటువంటి రక్షణ క్లస్టరును నడిపేవారు ఎంచుకొన్న కంటైనరు రన్‌టైమును బట్టి ఉంటుంది.

క్లస్టరుకు కొత్త కూర్పులను ఎక్కించడం, భద్రతా లోపాలను సరిదిద్దడం కూడా దానిని నడిపేవారి బాధ్యతే. ఒక సంస్థకు కట్టుబడకుండా ఉండడానికి చెల్లించే మూల్యం ఇది. ఈ శ్రమను వద్దనుకొనేవారికి కేనేటివ్ ఆధారంగా నిర్మించిన రెడ్ హ్యాట్ ఓపెన్‌షిఫ్ట్ సర్వర్‌లెస్, ఐబీఎం కోడ్ ఇంజిన్ వంటి సేవలు ఉన్నాయి. 2019లో వచ్చిన గూగుల్ క్లౌడ్ రన్ కూడా సర్వింగ్ యొక్క ఏపీఐకి అనుగుణంగా రూపొందినదే.

ఇతర ఫ్రేమువర్కులు

ఇదే కోవకు చెందిన మరికొన్ని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఉన్నాయి. అపాచీ ఓపెన్‌విస్క్ ను ఐబీఎం 2016లో వెలువరించింది. 2019లో అది అపాచీ సంస్థలో ఉన్నతస్థాయి ప్రాజెక్టు అయింది. ఓపెన్‌ఫాస్ ను అలెక్స్ ఎల్లిస్ 2016లో ప్రారంభించాడు. ఫిషన్ ముందే సిద్ధంగా ఉంచిన పాడ్ లను వాడి తొలి ఆలస్యాన్ని తగ్గిస్తుంది. బిట్నామీ ప్రారంభించిన క్యూబ్‌లెస్ నిర్వహణ 2021లో ఆగిపోయింది. దానిపై కట్టుకొన్నవారు వేరొక ఫ్రేమువర్కుకు మారవలసి వచ్చింది. మూలాలు అందరికీ అందుబాటులో ఉన్నంత మాత్రాన సాఫ్టువేరు నిలుస్తుందనే భరోసా లేదని దీనివలన తెలుస్తుంది. కనుక ఫ్రేమువర్కును ఎంచుకొనేటప్పుడు లైసెన్సుతో పాటు, దానిని నిర్వహించేవారు ఎందరు, ఏయే సంస్థలకు చెందినవారు అన్నది కూడా చూడాలి. ఫంక్షనును మామూలు కంటైనరుగానే ఉంచుకొంటే, ఒకవేళ ఫ్రేమువర్కు ఆగిపోయినా కోడులో ఎక్కువ భాగం వృథా కాదు.

ఇవి కూడా చూడండి

క్లౌడ్ కంప్యూటింగ్
కుబర్నెటీస్
డాకర్
ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు
గో (ప్రోగ్రామింగు భాష)